పడవ కడుపులో వాన నీళ్ళు

నా చిన్నప్పుడు సంగారెడ్డి శివారు చెరువులో ఒక విహార పడవ ఉండేది. విహార పడవ అనగానే మీ ఊహలు ఎక్కడికో పోతాయేమో, కొంచెం పట్టుకోండి. దాని ముందు భాగాన హంస మెడ ఉండేది. ఆ మెడ చేసిన మేస్త్రీ జన్మలో హంసను చూసి ఉండడు. ఒంటెను మాత్రం ఎక్కడో బాగా దగ్గర నుంచి చూసినట్టున్నాడు. తెల్ల రంగు వేసి, ముక్కు ఎర్రగా పూసి, కళ్ళకు కాటుక దిద్ది దాన్ని నీళ్ళలోకి వదిలిన రోజున, ఒడ్డున నీళ్ళు తాగుతున్న బర్రెలు బెదిరి కంది ఊరి దాకా పరుగెత్తాయని మా వాడలో చెప్పుకునేవారు. అవి కందిలోనే ఆగాయా, ఇంకా ముందుకు పోయాయా అన్న సంగతి ఇప్పటికీ తేలలేదు.

పడవ పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ ఆఫీసర్ల క్లబ్బుది. ఆదివారాలు వాళ్ళు పిల్లాపాపలతో వచ్చి, చెరువులో ఓ చుట్టు తిరిగి, తెచ్చుకున్న పూరీలు తిని పోయేవారు. తక్కిన రోజులన్నీ అది మా పక్కింటి పెద్దనాయనదే. వెనక బిగించిన చిన్న ఇంజనుతో నడిపేవాడు, కడిగేవాడు, సాయంత్రం ఒడ్డున రాతికి మోకుతో కట్టేసి, బర్రె దూడను తట్టినట్టు దాని వీపు మీద ఓసారి తట్టి ఇంటికొచ్చేవాడు. ఆ ఇల్లు గడిచేది ఆ పడవ మీదే.

ఆయన భార్య మా పక్కింటి పెద్దమ్మ. మంచి నోరున్న మనిషి. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ మొదలుపెట్టిన మాట, బొల్లారం షిఫ్టుకు పోయే కంపెనీ బస్సు వీధి చివర కదిలేదాకా ఆగేది కాదు. బస్సులో కూర్చున్న వాళ్ళకు ఊరి వార్తలన్నీ ఆవిడ చీపురు చప్పుడుతో కలిపి అందేవి. రేడియో కొనాలనుకున్న మా నాన్న ఆ ఆలోచన మానుకున్నది ఆవిడ వల్లేనని నా గట్టి నమ్మకం.

ఒక ఏడాది వానాకాలం నడుమ పెద్దనాయన చనిపోయాడు. జ్వరమన్నారు, కామెర్లన్నారు. గోరంతను కొండంత చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ ఒక్క మాటకు మాత్రం నేనేమీ కలపలేను. నిన్నటిదాకా ఉన్న మనిషి లేడు, అంతే.

పెద్దమ్మ నోరు మూతపడింది. ఏడవలేదు, అరవలేదు. గడపలో గోడకు ఆనుకుని, ఎదురుగా ఎవరూ లేనట్టు కూర్చునేది. మా వాడ ఎలాంటి కష్టాన్నైనా తట్టుకుంటుంది గానీ, ఏడవని విధవరాలిని తట్టుకోలేదు. వచ్చిన ప్రతి మనిషీ ఆమె భుజం పట్టి కుదిపేవారు. "ఏడువు బిడ్డా, కడుపుల వెట్టుకోకు, ఒక్కసారి ఏడ్సెయ్యి" అనేవారు. అందరికంటే ఎక్కువగా అన్నవాడు మా తాతయ్య. రోజూ పొద్దున్నే వాళ్ళ అరుగు మీద కూర్చుని అదే మాట ఓపికగా చెప్పి, ఆమె పలకకపోతే గట్టిగా నిట్టూర్చి లేచి వచ్చేవాడు.

మా తాతయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన ఒకప్పుడు నీరటి. అంటే చెరువు తూము తీసి, వంతుల ప్రకారం పొలాలకు నీళ్ళు వదిలేవాడు. పొలాలు పోయి ప్లాట్లు వచ్చినా, తూము పని తగ్గినా, నీళ్ళ మీద ఆయన పెత్తనం మాత్రం తగ్గలేదు. ఆయన చెరువుగట్టున దగ్గితే అలలు ఆగిపోయేవనీ, చేపలు ఆయన సెలవు తీసుకుని గానీ తోక ఊపేవి కావనీ నేను స్కూల్లో చెప్పి తన్నులు తిన్నాను. అయినా అందులో అబద్ధం కొంచెమే.

ఇక పడవకు ఏం జరిగిందో చెబుతాను. మనిషి పోయాక మా దగ్గర పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి ముడితే ఆ మనిషికి ముట్టినట్టే అనుకుంటారు. పెద్దనాయనకు పెట్టిన అన్నం దగ్గరికి ఒక్క కాకీ రాలేదు. అందరూ చేతులు జోడించి బతిమాలారు, తెలియక చేసిన తప్పులన్నీ ఒప్పుకున్నారు, అయినా రాలేదు. చివరికి ఎవరో అన్నారు, ఆయన ఇంట్లో ఉన్నదెప్పుడు, పడవలోనే కదా ఉండేది అని. విస్తరి తీసుకెళ్ళి పడవలో పెట్టారు. కాకి వచ్చింది.

అప్పటి నుంచి ఆ పడవ మాకు ఆయన ఇల్లైపోయింది. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు హంస మెడలో బంతిపూల దండలు వేశారు. ఇంట్లో మాంసం వండితే ఓ ముద్ద తెచ్చి పెట్టారు. కల్లు తాగేవాళ్ళు తలా ఓ గుక్క వదిలారు. ఆ పడవలోకి చేరిన అన్నంతో ఓ పెళ్ళి జరిపించవచ్చు. పెట్టినవాళ్ళే తప్ప తీసినవాళ్ళు లేరు. పోయిన మనిషికి పెట్టింది తీయడానికి ఎవరికి చేతులొస్తాయి? వాన మీద వాన పడింది.

ఒక శనివారం పొద్దున క్లబ్బు నుంచి ఒకాయన స్కూటర్ మీద వచ్చాడు. గడపలో కూర్చున్న పెద్దమ్మకు కొంచెం దూరంలో నిలబడి, చెప్పులు కూడా విడిచి, చెప్పవలసింది చెప్పాడు. "రేపు సార్లు వస్తరమ్మా. పడవ మంచిగుంటె మీ ఇంటికే వదిలేస్తరు, నడిపెటోళ్ళను మీరే సూసుకోండ్రి. మునిగి కూసుంటె మాత్రం గుంజుకపోయి తుక్కుల ఏస్తరు." పెద్దమ్మ కనురెప్ప కూడా వేయలేదు. వెంటనే లేచినవాడు మా తాతయ్య. కండువా తలకు చుట్టాడు. వాడ వాడంతా ఆయన వెనకాల కదిలింది.

చెరువు దగ్గర హంస మమ్మల్ని చూడలేదు. వెనక భాగం నీళ్ళలోకి దిగబడి, మెడ ఆకాశానికెత్తి, పైవాడితో ఏదో మొరపెట్టుకుంటున్నట్టుంది. ఆ పడవకు వెనక గోడలో, నేల చెక్కలకు సమంగా, పిడికిలి పట్టేంత బొక్క ఒకటి ఉండేది. చెక్కల మీద పడ్డ వాన నీళ్ళు అందులోంచి బయటికి జారిపోవాలి. ఇప్పుడు జారడం లేదు. వెనక వైపు మోకాలి దాకా నీళ్ళు నిలిచాయి, వాటి మీద కుళ్ళిన బంతిపూలు.

అందరూ సలహాలిచ్చారు. ఫ్యాక్టరీ నుంచి మోటారు తెద్దామన్నారు, ట్రాక్టరుతో లాగుదామన్నారు. ఒకాయనైతే బీహారు నుంచి వచ్చిన వెల్డరును పిలిపిద్దామన్నాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు. తాతయ్య చేయెత్తాడు. "నీళ్ళ సంగతి నాకే సెప్తార్రా? బొక్క బందైంది. తూము తీస్తె నీళ్ళు వోతయి. జరుగుండ్రి."

పడవలోకి దిగి, నీళ్ళలో చెయ్యి పెట్టి, ఓ కట్టెతో ఆ బొక్కను పొడవడం మొదలుపెట్టాడు. మొదట బంతి రేకులు ముద్దగా వచ్చాయి. తర్వాత పాచిపోయిన అన్నం. తర్వాత విస్తరాకు ముక్కలు. అక్కడున్న ప్రతి ఇల్లాలూ ఆ ముద్దలో తన ఇంటి అన్నాన్ని గుర్తుపట్టినట్టు తల దించుకుంది. ఆ పడవను ఎవరో పగబట్టి ముంచలేదు. మేమే, ఆయన మీద ప్రేమతో, పిడికెడు పిడికెడుగా ముంచుతున్నాం.

బొక్క తెరుచుకుంది. అందరం వంగి చూశాం. తాతయ్య మీసం మీద చెయ్యి వేశాడు. ఆ మీసం గొప్పతనం గురించి మరోసారి చెబుతాను. అప్పుడు ఒడ్డు మీద నుంచి మా నాయనమ్మ గొంతు వచ్చింది.

"ఓ ముసలోడా! ఆ నీళ్ళు వోతున్నయా, వస్తున్నయా?"

పూలు బయటికి పోవడం లేదు. బొక్క నుంచి దూరంగా, లోపలికి కొట్టుకొస్తున్నాయి. చెరువు పడవలోకి వస్తోంది. జీవితమంతా చెరువుకు బయట నిలబడి తూములు తీసిన మనిషి, మొదటిసారి తూముకు అవతలి వైపు కూర్చున్నాడు. హంస మెడ ఇంకో జానెడు పైకి లేచింది. తాతయ్య ముఖం నల్లబడింది. ఏం చేయాలో తోచక, నీళ్ళలో చతికిలబడి, తన కుడి మడమను ఆ బొక్కకు అదిమి పెట్టాడు. రావడం ఆగింది. కానీ ఆయన కదిలితే పడవ లేదు.

అలా చూస్తూ ఎంతసేపు నిలబడ్డామో నాకు తెలియదు. ఎవరో పరుగెత్తి పెద్దమ్మకు చెప్పినట్టున్నారు. జనం పక్కకు జరిగారు. ఆమె వచ్చి ఒడ్డున ఆగింది. పడవను చూసింది, నీళ్ళలో కూర్చున్న ముసలాయన్ను చూసింది.

"కాలు తియ్యకు మామా," అంది.

పెద్దనాయన పోయిన తర్వాత ఆమె నోట మేము విన్న మొదటి మాట అది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి పడవలోకి దిగింది. నడుమ భాగంలో ఒక చెక్కను వేళ్ళతో తడిమి, ఎత్తి పక్కన పెట్టింది. కింద పడవ కడుపు. అందులో అంచుల దాకా నల్లటి నీళ్ళు. మేమెవరం అక్కడ అలాంటి చోటుందని కూడా ఎరుగం.

"పైనియి ఏం నీళ్ళు మామా, కింద సూడు. చెక్కల సందుల్నుంచి అంత కడుపులకు దిగింది. గీ బరువుకు పడవ కిందికి వోయింది, బొక్క చెరువు నీళ్ళ కిందికి వోయింది. గిప్పుడు తీస్తె బయటిదే లోపటికొస్తది. వానకు తడిసినప్పుడల్లా ఆయన ముందు గిదే తోడెటోడు."

మూలనున్న డబ్బా తీసుకుని వంగి తోడడం మొదలుపెట్టింది. తర్వాత మా నాయనమ్మ ఇంటికి పరుగెత్తి బిందె తెచ్చింది. వెనకాలే బకెట్లు, తపేలాలు, ఎవరి ఇంట్లోదో కొత్త ఇత్తడి గంగాళం వచ్చాయి. నాకు ఒక చెంబు ఇచ్చారు. ఆ రోజు నేను తోడిన నీళ్ళను తూము ద్వారా వదిలితే సదాశివపేట దాకా రెండు పంటలు పండేవి. నమ్మకపోతే మీ ఇష్టం.

తోడుతూ తోడుతూ పెద్దమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది. మాతో కాదు. పోయిన మనిషితో. "ఈ చెక్క మార్చుమని ఎన్నిసార్లు సెప్పిన నీకు? ఇన్నవా? నా మాట ఎన్నడన్న ఇన్నవా?" అంటూ ఒక డబ్బా పారబోసింది. "జెరమొచ్చిందని సెప్తె ఏం పోతుండె? దాచుకున్నవు." ఇంకో డబ్బా. గొంతు ఎప్పుడు జీరపోయిందో, ఎప్పుడు కళ్ళలోంచి నీళ్ళు దిగాయో తెలియదు. చెయ్యి మాత్రం ఆగలేదు. పక్కనున్న ఒకావిడ ఓదార్చబోతే తాతయ్య కూర్చున్న చోటి నుంచే తల అడ్డంగా ఊపాడు. రోజూ ఏడువు ఏడువు అన్న మనిషి, ఆమె నిజంగా ఏడుస్తుంటే ఒక్క మాటా అనలేదు. ముఖం చెరువు వైపు తిప్పుకుని, మడమను ఇంకా గట్టిగా అదిమి కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటింది. ఆయన కాలు నానిపోయి తెల్లబడింది. చేపలు మడమ రుచి చూస్తున్నాయని నవ్వించబోయాడు గానీ పళ్ళు చలికి కొట్టుకుంటున్నాయి. నాయనమ్మ రొట్టె తెచ్చి ఆయన నోట్లో పెట్టింది, తిడుతూనే. హంస మెడ కొంచెం కొంచెంగా ఆకాశాన్ని వదిలి మా వైపు దిగింది. పెద్దమ్మ మధ్య మధ్యలో తోడడం ఆపి, పడవ అంచు మీది నుంచి వంగి బయటి వైపు చూసేది. చాలాసార్లు చూసింది. మళ్ళీ వచ్చి తోడింది. చివరికి ఒకసారి వంగినప్పుడు అక్కడే ఆగింది. బొక్క చెరువు నీటికి పైకి వచ్చింది.

"ఇగ తియ్యి మామా."

తాతయ్య కాలు తీశాడు. చెక్కల మీద మిగిలిన నీళ్ళన్నీ, మా పూలూ మా మెతుకులూ కలుపుకుని, ఎవరూ నెట్టకుండానే సన్నటి చప్పుడుతో బయటికి జారిపోయాయి. పెద్దమ్మ చెక్కల మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆకలవుతోందంది.

తాతయ్యను ఇద్దరు పట్టుకుని ఒడ్డుకు దించారు. నిలబడగానే ఆయన అందరి ముందూ అన్నాడు. "తప్పు సెప్పిన బిడ్డా." పడవ గురించే అనుకుని పెద్దమ్మ, పోనీలే మామా అంది. నేనూ అలాగే అనుకున్నాను. ఇంటికి వస్తూ కుంటుతూ నా భుజం మీద బరువు వేసి ఆయన తనలో తాను అనుకున్నట్టు చెప్పాడు. "తూము తీసుడే నేర్సుకున్న గని, లోపట ఎంతున్నదో సూసుడు నేర్వలే."

మర్నాడు క్లబ్బు వాళ్ళు వచ్చేసరికి పడవ సమంగా తేలుతోంది. ఎవరు నడుపుతారని అడిగారు. వాడంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టి, ఇంజను తాడు పట్టి లాగింది. రెండుసార్లు దగ్గి మొండికేసిన ఇంజను, ఆమె తిట్టిన తిట్టుకు లేచింది. ఆ తిట్టు ఇక్కడ రాయలేను. పడవ ఆ ఇంటికే మిగిలింది. తాతయ్య ఆ తర్వాత కూడా రోజూ వాళ్ళింటికి వెళ్ళాడు, కానీ అరుగు మీద కూర్చుని చెప్పడం మానేశాడు. వాన వెలిసిన పొద్దున ఆమెతో పాటు చెరువుకు పోయి, ఆమె తోడుతుంటే డబ్బా అందుకునేవాడు.

ఇప్పుడు నేను పోతిరెడ్డిపల్లిలో ఉంటున్నాను. నా వయసులో పెళ్ళిళ్ళకంటే పరామర్శలకే ఎక్కువ పోవలసి వస్తోంది. గడపలో ఎండిన కళ్ళతో కూర్చున్న మనిషి కనబడితే, ఏడ్చేయండి అన్న మాట నా నోటిదాకా కూడా వస్తుంది. మింగేస్తాను. వంటింట్లోకి పోయి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూస్తాను. గిన్నెలుంటే తోముతాను, స్కూలుకు పోవలసిన పిల్ల ఉంటే జడ వేస్తాను, నేను వేసిన జడ ఎంత వంకరగా వచ్చినా సరే. మర్నాడు మళ్ళీ పోతాను. ఆ మనిషి మాట్లాడే రోజు ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. అందాకా అక్కడ కదలకుండా కూర్చోవడం మాత్రం నాకు వచ్చు.