టీవీలో కురిసిన వాన

మాది వానలు అరుదైన కరువు సీమలో, తనకల్లు దగ్గర పల్లె. ఆ మధ్యాహ్నం వేరుశనగ కాయలు మిద్దె మీద ఆరబోసి, నేను వంటింట్లో సంగటి కెలుకుతున్నాను. ముందు గదిలో మా మామ టీవీకి ఫోను కలిపి, పల్లెలో పెరిగే ఒక పిల్లవాడి పాత కుటుంబ సినిమా చూస్తున్నారు. ఉన్నట్టుండి ఉరుము, వెంటనే జోరున వాన చప్పుడు!

కాయలు తడిస్తే బూజు పట్టిపోతాయి. టార్పాలిన్ పట్ట లాక్కుని "వాన, వాన!" అని అరుస్తూ మిద్దెక్కాను. పైకి చూసే తీరికెక్కడిది? నా కేకకు వీధంతా పట్టలతో మిద్దెలెక్కింది. కాయలు కప్పి తలెత్తితే మండే ఎండ. మబ్బు తునక లేదు.

"ఏం పాపా, యాడుండాది వాన?" అంది ఎదురింటి నాగమ్మత్త.

కింద నుంచి మామ, "ఈడ టీవీలో పడతాండాది, రాండప్పా!" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్లు నిజంగానే వచ్చి కూర్చుని, కథ వదిలేసి ఆ వాననే మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు.

"ఈ వానకు నేల పదునైతాది, ఇత్తనమెయ్యొచ్చు" అని నాగమ్మత్త తేల్చేసింది.

ఇప్పుడు నేను "వాన!" అని కేకేస్తే, "మీ టీవీదా, మనదా?" అని అడగందే వీధిలో ఎవరూ పట్ట ముట్టరు. కాయలు తడుస్తున్నా సరే, "మనదే!" అని అరవడం నాకెంతో ఇష్టం.