సీటు కింద స్విచ్చి

ఆసుపత్రిలో అందరూ ఆమెను పుల్లక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. నలభై రెండేళ్ల మనిషి, నలభై ఒక్క కిలోల బరువు. "గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోతావే" అని వార్డు ఆయాలు ఆటపట్టిస్తే, "ఎగిరితే మీ వార్డు కిటికీలోంచే వస్తా, టీ పెట్టి ఉంచండి" అనేది. తిండికేం తక్కువ చేసేది కాదు. ఒంటికి పట్టేది కాదు, అంతే.

పదకొండేళ్లు ఆ ఆసుపత్రి తోటలో కత్తెర పట్టింది. నడకదారుల అంచులు కత్తిరించడం, రాలిన ఆకులు ఊడ్చడం, మొక్కలకు ఎరువు వేయడం ఆమె పని. తొమ్మిది ఎకరాల పచ్చికను కోసే పని మాత్రం కోతబండిది. ట్రాక్టరుకు చిట్టి తమ్ముడిలా ఉండే ఎర్రబండి అది. డ్రైవరు ఎక్కి కూర్చుని నడపాలి. దాని పొట్ట కింద వెడల్పాటి ఇనుప డబ్బా, అందులో గిర్రున తిరిగే రెండు బ్లేళ్లు. ఇరవై ఏళ్లుగా దాన్ని నడిపిన పెద్దాయనను అందరూ కొండ అని పిలిచేవారు, పుల్లక్క మాత్రం బాబాయ్ అనేది. నూటపది కిలోలకు తగ్గని మనిషి. ఆయన ఎక్కితే బండి ఒక్కసారి కిందికి దిగి, ఆ తర్వాతే కదిలేది.

మోకాళ్లు అరిగిపోయి పని మానేస్తూ, తన చోట పుల్లక్కనే పెట్టమని ఆయన సూపర్‌వైజరుకు గట్టిగా చెప్పాడు. వారం రోజులు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని, అరిచి అరిచి నేర్పాడు. ఆమె రెండో రోజుకే మలుపులు తిప్పడం పట్టేసింది. పదకొండేళ్లు వంగిన నడుము సీటు మీద నిటారుగా నిలబడేసరికి, తోట తనకే కొత్తగా కనిపించింది.

ఒంటరిగా బండి తీసిన మొదటి రోజే అది మొండికేసింది. ఫిజియోథెరపీ గది ముందు చిన్న గుంత దాటగానే ఇంజను టక్కున ఆగిపోయింది. మళ్లీ తిప్పితే స్టార్టయింది. పది గజాలు పోయి మళ్లీ ఆగింది. మధ్యాహ్నానికి ఇరవై సార్లు ఆగింది. చక్రాల కుర్చీల్లో ఎండ కాచుకుంటున్న రోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒకాయన "ఇరవై ఒకటి!" అని చప్పట్లు కూడా కొట్టాడు. ఆమె నవ్వేసింది గానీ, ముఖం వేడెక్కింది.

ఆసుపత్రి బళ్లు బాగుచేసే మెకానిక్కు ఆమె సొంత మరిది. వచ్చి ప్లగ్గు మార్చాడు. పెట్రోలు ఫిల్టరు మార్చాడు. కార్బురేటరు విప్పి కడిగాడు. ప్రతిసారీ తానే ఎక్కి తోటంతా ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. ఒక్కసారి కూడా ఆగేది కాదు.

"నా చేతిలో గుర్రంలా పోతోంది వదినా. ఇక నీ చేతి చలవే అయ్యుంటుంది."

"నా చేతి చలవ మీ అన్నయ్యను అడుగు. ఇరవై ఏళ్లుగా ఇల్లు ఎక్కడా ఆగకుండా నడుస్తోంది" అని అక్కడికక్కడే తిప్పికొట్టింది. అతను వెళ్లాక మాత్రం షెడ్డులో తలుపు దగ్గరగా వేసుకుని, కాసేపు బండి పక్కన కింద కూర్చుండిపోయింది. తనకు నిజంగానే చేతకావడం లేదేమోనన్న అనుమానం మొలిచింది.

రెండు వారాలకు గడ్డి చీలమండలు దాటింది. చక్రాల కుర్చీలు చిక్కుకుంటున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. సూపర్‌వైజరు చెడ్డమనిషి కాదు, కానీ ఆయన మీదా పైవాళ్లున్నారు.

"చూడమ్మా, బండిలో లోపం లేదంటున్నాడు మీ మరిదే. సోమవారం నుంచి వేరే మనిషిని పెడతాను. నువ్వు కత్తెర పనికే వెళ్లు, జీతంలో తేడా రాదులే."

"సోమవారం దాకా అయితే బండి నాదేగా?" అంది పుల్లక్క.

ఆ రోజు బుధవారం. లాండ్రీ వెనక మొక్కలకు రెండు ఎరువు బస్తాలు చేర్చాల్సి వచ్చింది. ఒక్కోటి పదిహేను కిలోలు. తోపుడుబండి టైరు గాలి పోయి ఉండటంతో, బ్లేళ్లు ఆపేసి, బస్తాలు రెండూ ఒళ్లో పెట్టుకుని కోతబండి మీదే బయల్దేరింది. ఫిజియోథెరపీ గది ముందు గుంత వచ్చింది. పళ్లు బిగబట్టింది. బండి ఆగలేదు. రాళ్లబాట మీద ఎగిరెగిరి పడింది, ఆగలేదు. లాండ్రీ దగ్గర బస్తాలు దించి తిరిగి వస్తుంటే, అదే రాళ్లబాట మీద టక్కున ఆగింది.

ఆమె దిగలేదు. అక్కడే కూర్చుని ఆలోచించింది. బాబాయ్ కింద ఆగలేదు. మరిది కింద ఆగలేదు. బస్తాలతో ఉన్నప్పుడు తన కిందా ఆగలేదు. ఇంజను మళ్లీ తిప్పి, సీటు మీంచి కావాలని బెత్తెడు పైకి లేచింది. ఆగిపోయింది. ఇంకోసారి చేసింది. మళ్లీ ఆగిపోయింది.

మరిదికి ఫోన్ చేసి, "లోపం బండిలోనూ లేదు, నాలోనూ లేదు. సీటులో ఉంది, రా" అంది.

అతను సీటు ఎత్తి చూసి నాలుక కరుచుకున్నాడు. సీటు కింద అగ్గిపెట్టెంత నల్ల స్విచ్చి ఉంది. మనిషి కూర్చుంటే అది నొక్కుకుంటుంది, లేస్తే వదులుతుంది, ఇంజను ఆగిపోతుంది. డ్రైవరు పడిపోతే బ్లేళ్లు తిరగకూడదని పెట్టిన ఏర్పాటు. లోపలి భాగం అరిగిపోయి, గట్టిగా నొక్కితే తప్ప కరెంటు కలవడం లేదు.

"రెండు నిమిషాల పని వదినా. స్విచ్చి తీసి వైర్లు కలిపి కట్టేస్తా. ఇక జన్మలో ఆగదు."

"నేను పడిపోయినా ఆగదన్నమాట."

"నువ్వెందుకు పడతావు?"

"లాండ్రీ వెనక వాలు నువ్వు చూశావా? పడను అని నువ్వు కాగితం మీద రాసివ్వు, కట్టేద్దాం."

అతను రాయలేదు. కొత్త స్విచ్చి ఎక్కడ దొరుకుతుందో చిరాకు పడుతూ చెప్పి వెళ్లాడు.

గురువారం పొద్దున సెలవు పెట్టి, ఇంజను మీదున్న నంబరు రాసుకుని, రెండు బస్సులు మారి విడిభాగాల దుకాణానికి వెళ్లింది. కౌంటరు వెనక కళ్లజోడు ముక్కు చివరన పెట్టుకున్న ఒకావిడ ఆ కాగితం చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది ఇంజను నంబరమ్మా. ఇదే ఇంజను పది రకాల బళ్లకు పెడతారు. నాకు బండి నంబరు కావాలి. సీటు కిందో, వెనక చక్రం దగ్గరో చిన్న రేకు ఉంటుంది. పాత స్విచ్చి కూడా పట్రా. చూడ్డానికి అన్నీ కవల పిల్లల్లా ఉంటాయి."

వెనక్కి వచ్చి సీటు కింద వెతికింది. ఇరవై ఏళ్ల గడ్డి, గ్రీజు కలిసి అట్ట కట్టి ఉన్నాయి. గరిటె కాడతో గీకి, కిరోసిన్‌లో ముంచిన పాత పళ్ల బ్రష్‌తో రుద్దితే రేకు బయటపడింది. అక్షరాలు చాలా వరకు చెరిగిపోయాయి. సుద్దపొడి చల్లి వేలితో తుడిస్తే, గాట్లలో తెల్లగా నిలిచింది. ఒక అంకె మాత్రం మూడో ఎనిమిదో తేలలేదు. రెండూ రాసుకుంది.

శుక్రవారం కౌంటరావిడ రెండు నంబర్లూ వెతికి, రెండు స్విచ్చిలు తెచ్చి పాతదాని పక్కన పెట్టింది. నిజంగానే కవలలు. ఆవిడ మీటరు తీగలు తగిలించి చూపించింది. ఒకటి నొక్కితే కరెంటు కలుస్తుంది, రెండోది నొక్కితే తెగుతుంది. పాతదాన్ని బలమంతా పెట్టి నొక్కితే కలిసింది. "మొదటిదే. ఆ చెరిగిన అంకె మూడే" అని తేల్చింది ఆవిడ. "రెండోది పెట్టుంటే నువ్వు కూర్చోగానే ఆగి, దిగగానే నడిచేది."

ఆ సాయంత్రమే మరిది కొత్తది బిగించాడు. బండి బాగా నడిచింది. అయినా రాళ్లబాట మీద మూడుసార్లు ఆగింది. ముందు ఇరవై, ఇప్పుడు మూడు. పుల్లక్కకు అది చాలలేదు. తను కూర్చున్నా సీటు కిందికి దిగడం లేదు, రాయిలా గట్టిగా ఉంది. ఆ సీటు గురించి ఎవరికి తెలుస్తుందో వాళ్లింటికే నేరుగా వెళ్లింది.

బాబాయ్ మోకాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా వినేసరికి ఆయన ముఖం వాడిపోయింది.

"అయ్యో, నా మతిమరుపు మండా! నేను ఎక్కితే సీటు అడుక్కి కొట్టుకునేదని, కింద స్ప్రింగుల్ని చివరి గాటుకు జరిపానే తల్లీ. పదేళ్లయింది. నా బరువుకు బిగించిన సీటు మీద నిన్ను కూర్చోబెట్టి, నలుగురిలో మాటలు పడేలా చేశాను."

"నువ్వే కదా బాబాయ్ ఆ సీటు నాకిచ్చింది. ఏ గాటుకు జరపాలో చెప్పు, చాలు."

శనివారం పొద్దున్నే ఇద్దరూ ఆటోలో వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే, ఆమే పానా పట్టి రెండు స్ప్రింగుల్నీ మొదటి గాటుకు లాక్కొచ్చింది. కూర్చుంటే సీటు మెత్తగా దిగింది. ఇంజను తిప్పి, ముందు వాకిలి నుంచి మొదలుపెట్టి, గుంతలూ రాళ్లబాటా దాటి, లాండ్రీ వెనక వాలు దాకా కోసింది. బండి ఒక్కసారీ ఆగలేదు. చప్పట్ల పెద్దమనిషి లెక్కపెట్టేందుకు ఏమీ లేక కుర్చీలో కునుకు తీశాడు. తొమ్మిది ఎకరాలు ఆ సాయంత్రానికి పూర్తవలేదు, గడ్డి అంతగా పెరిగింది. ఆదివారం కూడా వచ్చి ముగించింది.

సోమవారం సూపర్‌వైజరు కొత్త మనిషి సంగతే ఎత్తలేదు. కోసిన పచ్చిక మీద చెప్పులు విడిచి నాలుగడుగులు నడిచి, హాజరు పట్టీలో ఆమె పేరు ఎదుట "డ్రైవరు" అని రాశాడు. మరిది వారం రోజులు ముభావంగా ఉండి, ఎనిమిదో రోజు ఇంకో ఆసుపత్రి బండి ఆగిపోతోందంటూ ఫోన్ చేశాడు. "వదినా, ఒకసారి వచ్చి చూస్తావా?" అన్నాడు. సంచిలో సుద్దముక్క, పళ్ల బ్రష్ వేసుకుని ఆమె బయల్దేరింది. అక్కడి బండిలో సీటు తప్పేమీ లేదు. పెట్రోలు ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడుకుపోయి, ఇంజనుకు పెట్రోలు అందడం లేదు. అది కనిపెట్టడానికి ఆమెకు సగం రోజు పట్టింది.