తెలుగులో అడగని ప్రశ్నలు

నాలుగేళ్లుగా ఒక సంగతి నా గుండెల మీద కూర్చుని ఉంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలి పడకండి. నాకు ఏడుపు రావడం లేదు, ఒళ్లు మండుతోంది, నా మీద నాకే.

కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒక కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసేదాన్ని. ఆ రోజుల్లో ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో నడిపే ఫోరెన్సిక్ సైకాలజీ సర్టిఫికెట్ కోర్సులో చేరాను. నేరం చేసినవాళ్ల మనసు ఎలా పనిచేస్తుంది, అనుమానితుల్ని ఎలా ప్రశ్నించాలి, ఇవీ పాఠాలు. నాలుగు వారాలు వీడియోలు చూసేసరికి నా కళ్లు నెత్తికెక్కాయి. క్యాంటీన్‌లో ఎవరు అబద్ధమాడుతున్నారో చెప్పి గొప్పలు పోయేదాన్ని.

అప్పుడే ఎవరో ఒక క్లయింటు కాగితాలు ఫోటో తీసి బయటికి పంపారు. ఆ కాగితాలు సుజాత బల్ల మీదివి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఏడాదైనా కాని పిల్ల. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మేనమామ ఇంట్లో ఉండేది. "నువ్వు అదేదో చదువుతున్నావుగా, నువ్వే అడుగు" అన్నాడు మేనేజరు. పొంగిపోయాను. కోర్సుకు ఒక నివేదిక ఎలాగూ రాయాలి.

రెండు గంటలు ఇంగ్లీషులో ప్రశ్నించాను. నా పేరు చివర మా ఆయన బెంగాలీ ఇంటిపేరు ఉంది, నేను తెలుగుదాన్నని ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు, ప్రశ్నించేవాళ్లు దూరం పాటించాలని పాఠంలో ఉంది. ప్రతి ప్రశ్నకీ ఆమె ఆగేది, తల దించుకునేది, తడబడుతూ జవాబిచ్చేది. ఆలస్యం, చూపు తప్పించడం అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను. ఆ ఆగడం ఏమిటో నాకు తెలియదా? ఇన్నేళ్లు కలకత్తాలో ఉండి కూడా మా అమ్మ చేపలవాడితో బెంగాలీలో మాట్లాడే ముందు అలాగే ఆగుతుంది, మాట ముందు తెలుగులో కూర్చుకుంటుంది. తెలుసు. తెలిసే టిక్కు పెట్టాను. చివరికి, ఒప్పుకుంటే పోలీసులదాకా పోదు, ఇంటికి వెళ్లిపోవచ్చు అన్నాను. ఆ మాట ఏ పాఠంలోనూ లేదు, నా సొంతం. ఆమె ఒప్పుకోలు రాసి సంతకం పెట్టింది.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. తర్వాత మాట్లాడతానమ్మా అని పెట్టేశాను. సుజాత తలెత్తింది.

"మీరు తెలుగోలేనా మేడమ్?"

"అవును."

"మరి ఇంతసేపూ ఇంగ్లీషులో అడిగేరేటండీ? తెలుగులో అడిగుంటే అన్నీ సెప్పీదాన్ని కదా."

"అది ఆఫీసు పద్ధతి" అన్నాను. కాగితం ఫైల్లో పెట్టుకున్నాను.

మర్నాడు ఆమెను తీసేశారు. ఆరో వారం పాఠం, చెయ్యని తప్పును మనుషులు ఎందుకు ఒప్పుకుంటారన్నది. అలసట, భయం, ఇంటికి వెళ్లనిస్తామన్న ఆశ. నేను చేసిందంతా వరసగా తెర మీద కనిపించింది. ఆ వారంలోనే అసలు ఫోటో టీమ్ లీడర్ ఫోన్‌లో దొరికింది. అతను గుట్టుగా రాజీనామా చేశాడు. మేనేజరు ఫైలు మూసేశాడు. నేనైనా సుజాతకు ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా? చెయ్యలేదు. నా నివేదికకు అప్పటికే క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. అందుకే, అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

ఏడాది తర్వాత చేశాను. మేనమామ ఎత్తారు. "అది ఊరెల్లిపోయిందండి. దొంగపని సేసిన పిల్లని ఇంట్లో ఎలా ఉంచుకోమంటారు? మీరెవరండీ?" అన్నారు. ఫోన్ పెట్టేశాను. రెండోసారి చేసినప్పుడూ అంతే.

సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించింది మా ఆయనే. న్యూ టౌన్‌లో మా ఇంటి హాల్లో ఉంది. వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు, నేను టీ ఇస్తాను.

ఇది రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది. ఆమె చేత ఒప్పుకోలు నేను రాయించాను. ఇది నా చేత ఎవరూ రాయించలేదు, పైగా నేను తెలుగులో రాసుకున్నాను.