మూల కూర్చున్న పాట

ధర్మవరంలో మాది పట్టుచీరల అంగడి. గిరాకీ లేని ఒక మధ్యాహ్నం ఫోనులో ఫ్రెంచి పాటగాడి జీవితకథ సినిమా చూస్తున్నాను. అందులో సగం ఊహే. అతను రాసిన ప్రతి పాటా ఒక మనిషై అతని వెంట తిరుగుతుంది, అతనితోనే కూర్చుని తింటుంది. పేరు పెరిగేకొద్దీ వెనకాల గుంపూ పెరుగుతుంది.

నాయన నా భుజం మీదుగా తొంగిచూశాడు.

“ఏందిది, పెండ్లిచీరకు వచ్చినట్టు ఇంతమంది వచ్చినారే! వీళ్లల్లో పెండ్లికూతురు ఎవురు?”

నాకు ఒళ్లు మండింది. “వాళ్లు మనుషులు కాదు నాయనా, పాటలు. ఆ ఎర్రగౌను పాటకే ఎక్కువ పేరు.”

“అది ఉత్త అరుపు. ఆ మూల గమ్మున కూచున్న పాపను చూడు. ఆయమ్మ తలూపితేనే బేరం తెగేది.”

మా అంగడిలో ఎప్పుడూ ఇంతే. పెళ్లిచీరకు వచ్చిన గుంపులో గట్టిగా మాట్లాడే పెళ్లికూతురి మేనత్తకు చీరలు విప్పి విప్పి నా చేతులు పడిపోతాయి. నాయన మాత్రం అందరికీ టీ చెప్పి, నోరెత్తని మనిషి కోసం వెతుకుతాడు.

అంతలో నిజంగానే పెళ్లివారు వచ్చారు. నాయన లేచాడు, నేను లేవలేదు. సినిమా చివర్లో ముసలివాడైన పాటగాడు ఆ మూలనున్న పాప ఎదుట కూర్చున్నాడు. ఆమె అతని మొదటి పాట, ఏ సభలోనూ పాడనిది. దాన్ని ఆమెకొక్కదానికే మెల్లగా పాడాడు. ఆమె తలూపింది.

చీరలు పరుస్తూనే నాయన కేకేశాడు. “ఏమ్మా, ఆ పాప ఒప్పుకునిందా?”

“ఒప్పుకునింది నాయనా.”

“అయితే లేచి రా. ఈడ పాప ఇంకా నోరు తెరవలేదు.”