ఊరి పేరు చెప్పని రేడియో సారు

మా చిన్నప్పుడు రేడియోలో ఒక సారు పేరున్న పాటగాళ్ళను వరుసబెట్టి కడిగేస్తుంటే, చావడి ఎదురుగా బాట మీద కూర్చొని మా బాపు కళ్ళు మూసుకొని నవ్వేవాడు...

జమ్మికుంటకు పోయే బాట మీద మా ఊరు. చావడి గోడకు సర్కారు ఇచ్చిన రేడియో. వారానికొక సాయంత్రం ఆ సారు హైదరాబాదు నుంచి సంగీతం గురించి మాట్లాడేవాడు. ఎంతటి విద్వాంసుడైనా సరే... "గొంతు బాగుంది, లోపల మనిషి లేడు" అనేసేవాడు.

బాపు చెప్పులు కుట్టేవాడు. అక్షరం రాదు. అయినా ఆ మాట పట్టుకొని మా ప్రార్థన గుడిసెలో కీర్తన పాడేవాళ్ళను, పాస్టరును కూడా తూకం వేసేవాడు. "అయ్యగారి పాటల మనిషి లేడే," అంటే అవ్వ... మా అమ్మ... గుడ్లురిమి చూసేది.

తాను మాత్రం పాడేవాడు కాదు...

దొరల మీద కూలి సంఘం కట్టిన రోజుల్లో బాపు పాట కట్టి పాడితే చుట్టుపక్కల ఊళ్ళు కదిలేవట. విన్నవాళ్ళలోనే ఎవరో పేరు చెప్పారు. పోలీసులు తీసుకుపోయారు. ముందు పళ్ళు లేకుండా తిరిగొచ్చాడు. మళ్ళీ నోరు తెరిస్తే ఈసారి మనిషే రాడని చెప్పి పంపారట. అప్పటినుంచి మా వాడలోకి ఎవరొచ్చి దాహం అడిగినా అనుమానమే...

అట్లాంటి వాడలోకి ఒక పొద్దున తెల్ల ధోవతి కట్టి, గొడుగు పట్టుకొని ఒకాయన వచ్చాడు. రేడియోలో మాట్లాడేది తానేనన్నాడు. "ఇక్కడ రాజయ్య అని మంచి పాటగాడున్నాడట కదమ్మా. ఒక్క పాట విని పోదామని వచ్చాను."

రాజయ్య మా బాపే. అక్కడే వాకిట్లో రాయి ముందు కూర్చొని సుత్తెతో తోలు కొడుతున్నాడు.

పక్కింటి కనకవ్వ తడుముకోలేదు. "రాజయ్యనా... సచ్చి ఏడాదాయె సారూ."

"అవ్, మేమే బొంద పెట్టినం," అన్నాడు ఎదురింటాయన.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బతికున్న మొగుడి ముందు ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు.

"అయ్యో... ఎట్లా పాడేవాడు?"

బాపు తలెత్తలేదు. "ఏం పాడుడు సారూ... ఊకె ఒర్లుతుండె. ఊరికి నిద్ర లేకుండె."

కనకవ్వ నా చెవిలో గొణిగింది. "రేడియోల గొంతు బావిలకెల్లి వచ్చినట్టుంటది. గీనిది పిల్లి గొంతు. వీడు సారూ గాదు గీరూ గాదు బిడ్డా, సీఐడోడు."

ఆయన అరుగు మీద కూర్చొని నీళ్ళు తాగాడు. తాగి, ఏమీ ఎరగనట్టు బాపు కట్టిన పాటనే కూనిరాగం తీశాడు... ఎక్కడ విన్నాడో. కానీ తాళం తప్పు. దెబ్బ పడాల్సిన చోట ఆగుతున్నాడు, ఆగాల్సిన చోట ఊపుతున్నాడు. బాపు సుత్తె కాసేపు ఓర్చుకుంది. తర్వాత పడాల్సిన చోట పడింది... మళ్ళీ పడింది. సారు పాట మెల్లగా సుత్తె వెనక నడిచి దారికొచ్చింది.

అవ్వ ముఖంలో నెత్తురు లేదు. బాపు గబుక్కున సుత్తె కింద పెట్టాడు.

సారు లేచాడు. "పోయినాయన పుణ్యాత్ముడమ్మా," అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

కావాలనే తప్పు పాడాడా... నిజంగానే రాదా... ఈ రోజుకీ నాకు తెలియదు. ప్రతి స్వరాన్నీ పరీక్షించి చూడమని బోధకుడినయ్యాక బైబిలు వాక్యం నాకు నేర్పింది. మా వాడకు అది దెబ్బలే నేర్పాయి.

మళ్ళీ రేడియోలో ఆయన మాట్లాడే సాయంత్రం వచ్చింది. అవ్వ బాపు బట్టలు మూటగట్టి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. "పేరు జెప్పిండంటే ఇటుకెల్లి ఇటే కాగజ్‌నగర్ల మా తమ్ముని కాడికి పోవాలె."

"ముందుగాల ఇననియ్యి," అన్నాడు బాపు.

రేడియోలో గొంతు ఎప్పటిలాగే బావిలోంచి వచ్చింది. "ఈమధ్య ఒక ఊరికి వెళ్ళాను. పాటగాడు చనిపోయాడన్నారు. అందరూ కలిసి అంత శ్రుతిగా పలికిన మాట నేను ఏ కచేరీలోనూ వినలేదు. ఆ ఊరి పేరు చెప్పను..."

వాడంతా ఊపిరి పీల్చుకుంది. అవ్వ మూట ముడి విప్పబోయింది.

"ఇప్పకు," అన్నాడు బాపు. "పేరు జెప్పలేదంటే తెల్వదని గాదు."

ఆ మూట బాపు పోయేదాకా మా ఇంటి దూలానికి వేలాడింది. వారం వారం ఆ సారును వినడం బాపు మానలేదు. నమ్మనూ లేదు. పాడనూ లేదు...

సహోదరులారా, చలిమంట దగ్గర నిలబడి, కోడి కూసేలోపు మూడుసార్లు ప్రభువును ఎరగనన్న శిష్యుడి మీద నేను ఊరూరా నిప్పులు చెరుగుతూ వాక్యం చెప్పాను. పిరికివాడన్నాను. చెప్పిన ప్రతిసారీ కనకవ్వ గుర్తొస్తుంది. ఆమె ఆడింది కూడా అబద్ధమే. ఆమె కోసం మాత్రం ఏ కోడీ కూయలేదు.

ఇప్పుడు ప్రతి జేబులో ఫోనని, మన మాట వినే పెట్టె ఒకటుంది. నా పాట రికార్డు చేసుకో అని మనమే వెంటపడుతున్నాం... వినేవాడు ఎవడని అడిగే కనకవ్వలు లేరు.

మీ ఇళ్ళలో కూడా, కొత్తవాళ్ళు వస్తే దాచిపెట్టిన పాట ఏదైనా ఉండేదా? ఉంటే కింద రాయండి... ఊరి పేరు నేను అడగను.