మెడ పట్టేసిన బండి

ఆ మెకానిక్‌ని ఎదురుగా అందరూ మేస్త్రీ అనేవాళ్లు. వెనక మాత్రం చిటపట అనేవాళ్లు. ముక్కు మీద కోపం చాలామందికి ఉంటుంది గానీ, ఈయనకి కోపం వచ్చాకే ముక్కు మొలిచిందేమో అనిపించేది. బండి తెచ్చినవాడు "కొంచెం చూడండి" అన్నాడంటే చాలు, "కొంచెం చూడ్డానికి ఇదేమన్నా ఉయ్యాల్లో చంటిపిల్లా?" అని ఒంటికాలి మీద లేచేవాడు. అయినా పొద్దున షెడ్డు తలుపు తీసే వేళకి నాలుగు బండ్లు బయట కాచుకుని ఉండేవి. చేతిలో పనితనం ఉన్నవాడి తిట్లు జనం ఎంచక్కా భరిస్తారు.

ఆయనకో పద్ధతి ఉంది. ఏ జబ్బుతో వచ్చిన బండైనా సరే, ముందు ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపేవాడు. కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో హ్యాండిల్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పేవాడు. హ్యాండిల్ తిరిగే చోట, బండి మెడలో, పైన ఒకటీ కింద ఒకటీ ఉక్కు కప్పులుంటాయి. వాటిలో ఉక్కు గోళీలు దొర్లుతుంటాయి. కప్పులో గుంటలు పడ్డాయంటే హ్యాండిల్ నడిమధ్యకి రాగానే టక్కున పట్టేస్తుంది. అది వేళ్లకి తెలుస్తుంది గానీ కళ్లకి కనపడదు. బ్రేకు కోసం వచ్చినవాడికైనా ఈ పరీక్ష తప్పేది కాదు.

అలాంటి పద్ధతిని ఆయన ఒక్కసారి తప్పాడు. బావ మీద కోపంతో తప్పాడు.

అక్క మొగుడికీ ఈయనకీ ఇరవై ఏళ్లుగా ఉప్పూ నిప్పూ. బావది ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చదివే ఉద్యోగం. నలగని ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. పెళ్లైన కొత్తలో మేస్త్రి అక్కావాళ్లింటికి భోజనానికి వెళ్తే, పదిమంది ముందు బావ "చేతులు రెండుసార్లు కడుక్కో, కంచానికి గ్రీజు అంటుకుంటే వదలదు" అన్నాడు. మేస్త్రి కంచం ముందు నుంచి లేచి వచ్చేశాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. కానీ బండి మాత్రం ఈయన షెడ్డుకే వచ్చేది. ఇంకొకడి చేతిలో పెట్టడానికి అక్క ఒప్పుకునేది కాదు. ఆవిడ ఊరవతల బూట్ల ఫ్యాక్టరీలో మిషను కుట్టేది. రోజూ బావ వెనక కూర్చుని, లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీద పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్లేది.

ఒక సోమవారం బావ షెడ్డు ముందు బండి ఆపి, దిగకుండానే ఒక డబ్బా చాపాడు.

"ఏంటిది?"

"చదువు రాదా? స్టీరింగ్ డ్యాంపర్. డెబ్బై దాటితే హ్యాండిల్ ఊగిపోతోంది. ఇది పెడితే ఆగుతుందట. బిగించు."

డబ్బాలో ధగధగా మెరిసే బంగారు రంగు గొట్టం, అందులోకి వెళ్లొచ్చే కడ్డీ ఉన్నాయి. ఆఫీసు తలుపులు దఢాల్న కొట్టుకోకుండా పైన ఒకటి బిగిస్తారే, అలాంటిదే ఇదీ. లోపలున్న నూనె కడ్డీని తొందరపడనివ్వదు. ఒక కొస బండి ఒంటికీ, ఇంకో కొస ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకీ బిగిస్తే హ్యాండిల్ తిరుగుతుంది గానీ అదరదు.

"పందేలకి పోతున్నావా బావా? మీటర్లేమన్నా పరిగెత్తుతున్నాయా?"

"నీ వెటకారం అవతల పెట్టి, ఎందుకు ఊగుతోందో చూడు."

"మెడ సామాను రెండేళ్ల కింద నేనే మార్చా. నా చేతి పని ఊగదు. నీ చేతులే ఊగుతుంటాయి."

"అంటే చూడవన్నమాట."

"చూడక్కర్లేదు. డ్యాంపరనేది అన్నీ సరిగ్గా ఉన్న బండికి ఆఖర్న పెట్టేది. రోగం దాచడానికి పెట్టేది కాదు. నేను చెయ్యి పెట్టను."

"నువ్వు కాకపోతే ఊళ్లో మెకానిక్కులే లేరనుకున్నావా, గ్రీజు వెధవా!"

"బోలెడుమంది ఉన్నారు. పో!"

బావ పోయాడు. డబ్బా అమ్మిన షోకు సామాన్ల కొట్టువాడే అరగంటలో దాన్ని బిగించి పంపాడు. దిమ్మ షెడ్డు మూలనే ఉండిపోయింది.

గురువారం మధ్యాహ్నం అక్క ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. మోచెయ్యి గీరుకుపోయి ఉంది. మేస్త్రి చేతిలో రెంచి కింద పడేసి లేచాడు.

"ఏమైందక్కా?"

"ఊగడమైతే తగ్గిందిరా. కానీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎడమకి తిప్పబోతే హ్యాండిల్ సగంలో ఆగిపోయింది. ఇద్దరం మట్టిలో పడ్డాం. నెమ్మదిగా వెళ్తున్నాం కాబట్టి సరిపోయింది. అదే పెద్ద రోడ్డు మీదైతే? మీ గొడవలో నేనెప్పుడూ వేలు పెట్టలేదు. ఆదివారం ఇంటికొచ్చి బండి చూడు. రాకపోతే నాకు తమ్ముడు లేడనుకుంటా."

ఆదివారం పొద్దున మేస్త్రి సామాన్ల సంచీతో ఆ ఇంటి ముందు నిలబడ్డాడు.

"ఓహో! దొరగారు దయచేశారే!" అన్నాడు బావ వాకిట్లో చేతులు కట్టుకుని.

"నీ మొహం చూడ్డానికి రాలేదు. బండి ఇటు తొయ్యి."

మేస్త్రి ముందు డ్యాంపర్ ఊడదీశాడు. హ్యాండిల్‌ని ఎడమ చివరికి తిప్పి, కడ్డీ బిగించిన చోట ఒక గీత, కుడి చివరికి తిప్పి ఒక గీత పెట్టాడు. మధ్య దూరం స్కేలుతో కొలిస్తే తొంభై మిల్లీమీటర్లు తేలింది. బంగారు గొట్టంలో కడ్డీ నడిచేది అరవై ఐదే.

"రంగు చూసి కొన్నావు. కడ్డీ ఎంత దూరం నడుస్తుందో అడిగావా? హ్యాండిల్ ఆగాల్సింది బండి ఒంటికున్న అడ్డుకి తగిలి. ఈ గొట్టం కొసకి తగిలి కాదు. అక్కని పొట్టన పెట్టుకునేవాడివి!"

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇరవై ఏళ్ల కసి తీరినట్టయింది మేస్త్రికి. రెండు ఇళ్ల అవతలికి వినపడేలా ఇంకో నాలుగు అంటించాడు. ఎంత తృప్తిగా ఉందో చెప్పలేం. ఆ ఊపులోనే అలవాటు చొప్పున ఇంజన్ కింద రెండు ఇటుకలు పెట్టి, చక్రం లేపి, కళ్లు మూసుకుని హ్యాండిల్ తిప్పాడు.

నడిమధ్యలో టక్కున పట్టేసింది.

మళ్లీ తిప్పాడు. మళ్లీ అక్కడే పట్టింది.

"ఏం, నోరు పడిపోయిందా?" అన్నాడు బావ.

మేస్త్రి మెడ విప్పాడు. అక్క పక్కన పీట వేసుకుని కూర్చుని, విప్పిన నట్లు ఒక పళ్లెంలో పట్టింది. పై కప్పు అద్దంలా ఉంది. కింది కప్పు గుడ్డతో తుడిస్తే వరసగా గుంటలు బయటపడ్డాయి. అది ఈయన వేసిన కప్పు కాదు. బండి పుట్టినప్పటి నుంచీ ఉన్న పాతది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందటి సాయంత్రం పై కప్పు సుళువుగానే వచ్చింది. కిందిది మొరాయించింది. ఇంకో అరగంట సుత్తితో కుస్తీ పడితే వచ్చేదే. కొత్తది చేతిలోనే ఉంది. సరిగ్గా అప్పుడు బావ ఫోన్ చేసి, "ఇంకా కాలేదా? అసలు నీకు పని వచ్చా రాదా?" అన్నాడు. మేస్త్రి పళ్లు నూరుకున్నాడు. వీడి బండికి ఇది చాల్లే అనుకుని, కొత్త గోళీలు పాత కప్పులోనే పోసి మూసేశాడు. కొత్త కప్పుని అరలోకి విసిరికొట్టాడు. వారం తిరిగేసరికి రెండూ మార్చినట్టే గుర్తుండిపోయింది.

గతుకుల రోడ్ల వల్లే గుంటలు పడ్డాయంటే సరిపోయేది. ఊళ్లో ఎవడూ కాదనేవాడు కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఇదేంట్రా, ఇలా తినేసి ఉంది?" అంది అక్క.

"పాత కప్పు. నేను మార్చలేదు."

"మర్చిపోయావా?"

"లేదు. బావ బండి కదా, ఇది చాల్లే అని వదిలేశా."

అక్క పళ్లెం కింద పెట్టింది. "వెనక నేను కూర్చుంటానని తెలుసుగా?"

"తెలుసు."

"మరి?"

"ఆ పూట నాకు బావొక్కడే కనపడ్డాడక్కా." ఆయనకి సిగ్గుతో తల పైకి లేవలేదు.

ఇలాంటి రోజు కోసమే ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన బావ గబుక్కున నోరు తెరిచాడు. అక్క అటు తిరిగింది. "మీరు మాట్లాడకండి. ఆ గొట్టం తెచ్చింది మీరు." అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మేస్త్రి షెడ్డుకి వెళ్లి కొత్త కప్పు తెచ్చాడు. పాతది గంటసేపు కొడితే ఊడింది. తర్వాత బావాబావమరుదులిద్దరూ ఎడమొహం పెడమొహంగా కొట్టుకి వెళ్లారు. ఎంత ఉండాలని బావ అడిగితే వంద అన్నాడు మేస్త్రి. దారంతా కలిపి వాళ్లు మాట్లాడుకున్నది అంతే. వంద మిల్లీమీటర్లు నడిచే నల్లటి డ్యాంపర్ తెచ్చి, హ్యాండిల్ రెండు చివరలా కడ్డీకి ఇంకా కాస్త చోటు మిగిలేలా చూసి బిగించాడు. దాని బిగువు పెంచే మీటని అన్నిటికంటే వదులుగా పెట్టాడు. నిజానికి మెడ బాగుపడ్డాక అది అక్కర్లేదు. అక్క భయం పోతుందని పెట్టాడు. సాయంత్రం పెద్ద రోడ్డెక్కి తొంభై దాకా లాగించి చూస్తే హ్యాండిల్ వెంట్రుకంత కూడా అదరలేదు.

సోమవారం పొద్దున షెడ్డు తెరవకుండా మేస్త్రి మళ్లీ ఆ వాకిట్లో ఉన్నాడు. బావ బండి స్టార్ట్ చేసి ఎదురుచూస్తున్నాడు. అక్క సంచీ భుజానికి తగిలించుకుని వచ్చింది.

"బాగుందా?"

"బాగుందక్కా. నేనే నడిపి చూశా."

"రెండేళ్ల కింద కూడా బాగుందనే అన్నావు."

మేస్త్రి వంగి మెడ నట్టుని మళ్లీ వేలితో తడిమాడు.

"ఎక్కవే, టైమవుతోంది" అన్నాడు బావ.

ఆవిడ ఇద్దరి మధ్య నుంచీ నడుచుకుంటూ బస్సు స్టాపు వైపు వెళ్లిపోయింది. తమ్ముడితో మాట మానలేదు, మొగుడితో పోట్లాడలేదు. ఇప్పటికీ గంట ముందే లేచి, రెండు బస్సులు మారి ఫ్యాక్టరీకి వెళ్తోంది.