గోరంత రెక్కల పురుగు

సీతమ్మధారలో ఒక డాక్టరుగారి క్లినిక్‌లో ఆరేళ్లు నర్సుగా చేశాను. పొద్దున్నే తాళం తీసేది నేనే. గుమ్మం పక్కన ట్యూబులైటు రాత్రంతా వెలిగేది. దాని కోసం వెనకున్న కొండ మీది అడవిలోంచి వచ్చిన రెక్కల పురుగులు తెల్లారినా గోడకి అతుక్కునే ఉండేవి. ఆయా చీపురు పట్టుకొచ్చేలోపల ఫోన్లో ఫోటోలు తీసుకునేదాన్ని.

ఒక వానాకాలం పొద్దున చిటికెనవేలి గోరంతది కనబడింది. పాచి పట్టిన గోడ మీద బూడిదరంగు రెక్కలు పరిచేసి ఉంది. ఒక రెక్క మీద మొదలైన సన్నటి అలల గీత తెగకుండా రెండో రెక్క మీదకి పోయింది. మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి తీశాను.

డాక్టరుగారికి పెద్ద కెమెరా ఉంది, ఫోటోల పిచ్చి. మురిసిపోతూ చూపించాను.

"పురుగులకి ఫోటోలేంటమ్మా? ముందు సూదులు సరిగ్గా వెయ్యి," అన్నారు, పేషెంట్లందరూ వింటుండగా. సాయంత్రం మాత్రం నెమ్మదిగా, "ఆ ఫోటో ఒకసారి పంపు," అన్నారు. పంపాను.

రెండు నెలలకి బీచ్ రోడ్డులో ఫోటోల ప్రదర్శన పెట్టారు. స్టాఫందరం వెళ్లాం. ఎదురుగా తలుపంత పెద్దగా నా పురుగు. కింద ఆయన పేరు. "మూడు రోజులు అడవిలో తిరిగితే ఒక బండరాయి మీద దొరికింది," అని మైకులో చెబుతున్నారు. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషిని నలుగురిలోనే కూలెయ్యాలనిపించింది.

లేచాను. "ఏ అడవండీ సార్?"

"అరకు దారిలో. నీకేం తెలుసు, కూర్చో."

"అది నేను తీసిన ఫోటో అండి," అని ఫోను తీసి ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన చేతికిచ్చాను. డాక్టరుగారు కత్తిరించేసిన ముక్క అందులో ఉంది. పురుగు పక్కనే, నీలం పెయింటుతో, 'చెప్పులు బయట విడువవలెను' అని మా క్లినిక్ గోడ మీది రాత.

"ఆ అడవిలోకి చెప్పుల్తో వెళ్లకూడదట బాబూ," అన్నాను.

పెద్దాయన ఆ గోడ రాత పైకి చదివారు. హాలంతా నవ్వు. డాక్టరుగారు మైకు కింద పెట్టి నీళ్లు తాగబోతే సగం చొక్కా మీదే పోయాయి. నాకు జాలి వెయ్యలేదు. ఇంకాసేపు నవ్వితే బాగుణ్ణనిపించింది.

మర్నాడే పనిలోంచి తీసేశారు. "పురుగు కోసం ఉద్యోగం పోగొట్టుకున్నావేటే!" అని ఆయా లబోదిబోమంది.

వారం పోయాక ఆయనే ఫోన్ చేశారు. "ప్రదర్శన ఇంకా పదిరోజులుంది. వచ్చినవాళ్లందరూ దాని కింద నా పేరు చూసి నవ్వుతున్నారు. ఫోటో కింద నీ పేరు పెట్టించేస్తాను. ఇంక వదిలెయ్యమ్మా."

"వద్దు సార్," అన్నాను. "ఆ పదిరోజులూ మీ పేరే ఉండనివ్వండి. చూడాల్సినోళ్లు ఇంకా చాలామందున్నారు."